పిల్లికూన ఆకలికీ చట్టంలో చోటు: రుక్మిణీదేవి అరుండేల్ మరో జీవితం

వానాకాలంలో మన నగరాల్లో తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్కూటర్ల వెనక ఓ అట్టపెట్టె. అందులో కళ్లు కూడా సరిగా తెరవని మూడు నాలుగు పిల్లికూనలు. తల్లి ఉండదు. ఇంట్లో పెంచుకుంటున్న పిల్లి ఈనితే, ఆ కూనలను ఏం చేయాలో తోచనివాళ్లెవరో రాత్రికి రాత్రి అక్కడ పెట్టి వెళ్లిపోయారన్నమాట. పొద్దున్నే వాచ్‌మన్ చూస్తాడు. పిల్లులంటే ప్రాణం పెట్టే మనిషి ఆ కాంప్లెక్స్‌లో ఎవరో ఒకరు ఉంటారు కాబట్టి వెళ్లి తలుపు తడతాడు.

ఆ మనిషికి చేయాల్సిన పని తెలుసు. కూనల ఒళ్లు చల్లబడి ఉంటే ముందు వెచ్చబరచాలి, ఆ తర్వాతే పాలు పట్టాలి. ఆవుపాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి కాబట్టి కూనల కోసమే తయారుచేసిన పాలపొడి తేవాలి. మరీ పసివైతే రెండు మూడు గంటలకోసారి అర్ధరాత్రి కూడా లేవాలి. ఇంత చేసినా వాటిలో ఒకటి పోతుంది. అప్పుడు దుఃఖంతో పాటు కోపం వస్తుంది. సీసీ కెమెరా ఫుటేజీ పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్తే, పిల్లి కోసం ఫిర్యాదా అని రైటర్ ముందు నవ్వుతాడు. తర్వాత ఏ సెక్షన్ కింద రాయాలని అడుగుతాడు.

ఆ ప్రశ్నకు సమాధానం ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, సెక్షన్ 11. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో ఏ జంతువునైనా సరైన కారణం లేకుండా వదిలేయడం ఆ సెక్షన్ ప్రకారం నేరం. మన దేశంలో పిల్లులను, కుక్కలను కాపాడే పని చేస్తున్న ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజు ఈ చట్టం పేరు ఎత్తాల్సి వస్తుంది. ఆ చట్టం వెనక ఉన్న మనిషి న్యాయవాది కాదు, పశువైద్యురాలూ కాదు. భరతనాట్యం అనగానే గుర్తొచ్చే రుక్మిణీదేవి అరుండేల్.

కళాక్షేత్ర స్థాపకురాలిగా ఆమె జీవితం గురించి చాలామంది రాశారు. జంతువుల కోసం ఆమె వెచ్చించిన ముప్పై ఏళ్లకు పైబడిన కాలం మాత్రం ఆ కథల్లో చివరి పేరాకు పరిమితమవుతుంది. నిజానికి ఆమె వదిలివెళ్లిన వాటిలో దేశంలోని ప్రతి వీధికీ చేరింది నాట్యం కాదు, ఆ చట్టం.

అడయార్ పెంపకం

రుక్మిణీదేవి 1904 ఫిబ్రవరి 29న మదురైలో పుట్టారు. తండ్రి నీలకంఠ శాస్త్రి ప్రజాపనుల శాఖలో ఇంజనీరు, సంస్కృతం బాగా చదువుకున్న మనిషి. తల్లి శేషమ్మాళ్‌కు సంగీతమంటే ప్రాణం. సనాతన బ్రాహ్మణ కుటుంబమే అయినా తండ్రి దివ్యజ్ఞాన సమాజం వైపు మొగ్గారు. ఉద్యోగ విరమణ తర్వాత కుటుంబం మద్రాసులోని అడయార్‌కు, ఆ సమాజ ప్రధాన కార్యాలయం పక్కకు చేరింది. అన్న శ్రీరామ్ తర్వాతి కాలంలో ఆ సమాజానికే అధ్యక్షుడయ్యారు.

అడయార్ అప్పట్లో వేరే లోకం. నది ఒడ్డున పెద్ద తోట, మహా మర్రిచెట్టు, దేశదేశాల నుంచి వచ్చిన మనుషులు, అన్ని మతాల గురించీ చర్చలు. ప్రాణమున్న ప్రతిదానిలో ఒకే చైతన్యం ఉందని నమ్మేవాళ్లు కావడంతో శాకాహారం, జీవకారుణ్యం అక్కడి దినచర్యలో భాగం. తర్వాతి రోజుల్లో రుక్మిణీదేవి పార్లమెంటులో నిలబడి మాట్లాడిన విషయాలకు బీజం ఇక్కడే పడింది. జంతువుపై దయ అనేది ఆమెకు పెద్దయ్యాక పట్టుబడిన అభిరుచి కాదు. పెరిగిన ఇంటి వాతావరణం.

1920లో, పదహారేళ్ల వయసులో ఆమె జార్జ్ సిడ్నీ అరుండేల్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆయన ఇంగ్లండ్ నుంచి వచ్చిన విద్యావేత్త, అనీబిసెంట్‌కు సన్నిహితుడు. అప్పటికి నలభై దాటారు. బ్రాహ్మణ బాలిక, అంత వయసు తేడాతో ఒక తెల్లదొరను పెళ్లాడటం మద్రాసును కుదిపేసింది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. అనీబిసెంట్ మాత్రం దంపతుల పక్షాన నిలబడ్డారు. ఊరంతా ఒకవైపు, తాను ఒకవైపు నిలబడటం రుక్మిణీదేవికి అప్పుడే అలవాటైంది. ఆ అలవాటు ముందు ముందు చాలాసార్లు అక్కరకొచ్చింది.

నాట్యం తెచ్చిన పేరు, మిగిల్చిన ప్రశ్న

భర్తతో కలిసి ఆమె ప్రపంచమంతా తిరిగారు. 1920ల చివర్లో రష్యన్ బాలే నర్తకి అన్నా పావ్లోవాతో స్నేహం కుదిరింది. ఆస్ట్రేలియాకు వెళ్లే ఓడలో ఇద్దరూ కలిసి ప్రయాణించారు. పావ్లోవా బృందంలోని క్లియో నోర్డి దగ్గర రుక్మిణీదేవి బాలే నేర్చుకోవడం మొదలుపెట్టారు. సొంత దేశపు నృత్యం వైపు చూడమని పావ్లోవా ఇచ్చిన సలహా ఆమె దారిని మార్చింది.

1933లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీలో ఆమె సదిర్ కచేరీ చూశారు. దేవదాసీ కుటుంబాలు తరతరాలుగా కాపాడుకొస్తున్న ఆ నృత్యాన్ని అప్పటి పెద్దమనుషుల సమాజం చిన్నచూపు చూసేది. రుక్మిణీదేవి మైలాపూర్ గౌరీ అమ్మాళ్ దగ్గర, పందనల్లూర్ మీనాక్షిసుందరం పిళ్లై దగ్గర శిక్షణ తీసుకున్నారు. 1935లో దివ్యజ్ఞాన సమాజం వజ్రోత్సవాల్లో తొలి ప్రదర్శన ఇచ్చారు. ఆ మరుసటి ఏడాదే కళాక్షేత్ర పుట్టింది.

ఈ ఘట్టానికి రెండో వైపు కూడా ఉంది. నృత్యం నుంచి శృంగారాన్ని తగ్గించి భక్తిని ముందుకు తేవడాన్ని బాలసరస్వతి వంటి మహా కళాకారిణి ఒప్పుకోలేదు. ఏ కుటుంబాల స్త్రీలు ఆ కళను బతికించారో వాళ్లే వేదిక నుంచి తప్పుకోవాల్సి వచ్చిందని, అగ్రవర్ణాల అమ్మాయిలు ఆ స్థానంలోకి వచ్చారని పరిశోధకులు ఇప్పటికీ ప్రశ్నిస్తున్నారు. మన కళావంతుల చరిత్ర తెలిసిన తెలుగువాళ్లకు ఆ ప్రశ్న కొత్తదేమీ కాదు. రుక్మిణీదేవి గురించి రాసేటప్పుడు దాన్ని పక్కన పెట్టలేం. దయగల మనుషులు చేసిన సంస్కరణల్లో కూడా నష్టపోయినవాళ్లు ఉంటారు.

కళాక్షేత్ర ఆమె దృష్టిలో నాట్య పాఠశాల మాత్రమే కాదు. సంగీతం, చేనేత, కలంకారీ, పిల్లల చదువు అన్నీ అందులో భాగం. మేలట్టూరు భాగవత మేళాల్లోని తెలుగు నాటకం ఉషాపరిణయం కళాక్షేత్ర వేదికకెక్కింది. 1939లో మరియా మాంటిస్సోరి అరుండేల్ దంపతుల ఆహ్వానంపై అడయార్ వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. పిల్లలకు చిన్నప్పుడు ఏం అలవాటు చేస్తే పెద్దయ్యాక అదే స్వభావం అవుతుందన్న నమ్మకం రుక్మిణీదేవి చేసిన పనులన్నిటిలో కనిపిస్తుంది. జంతువుల విషయంలోనూ ఆమె చట్టాన్ని ఎంత కోరుకున్నారో, బడిలో పాఠాన్ని అంతే కోరుకున్నారు.

1945లో జార్జ్ అరుండేల్ చనిపోయారు. అప్పటికి ఆమె వయసు నలభై ఒకటి. కళాక్షేత్ర అడయార్ వదిలి తిరువాన్మియూర్‌లోని ఇసుక నేలకు మారాల్సి వచ్చింది. చెట్లు నాటడం దగ్గర నుంచి అంతా మళ్లీ మొదలుపెట్టారు. ఆ పనుల మధ్యలోనే ఢిల్లీ నుంచి పిలుపు వచ్చింది.

రాజ్యసభలో ఒంటరి బిల్లు

1952లో రాజ్యసభ ఏర్పడినప్పుడు రాష్ట్రపతి నామినేట్ చేసిన తొలి సభ్యుల్లో రుక్మిణీదేవి ఒకరు. కళాకారిణి కాబట్టి కళల గురించి మాట్లాడతారని అందరూ అనుకుని ఉంటారు. ఆమె తెచ్చింది జంతువుల మీద హింసను ఆపే ప్రైవేటు బిల్లు. 1954లో అది సభలో చర్చకు వచ్చింది.

దేశంలో జంతు హింసకు సంబంధించిన చట్టం అప్పటికే లేకపోలేదు. కలకత్తాలో 1861లోనే జంతు హింస నివారణ సంఘం పుట్టింది. 1890లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. కానీ ఆ చట్టం దృష్టిలో జంతువంటే మనిషి పెంచుకునేదో, బంధించి తెచ్చుకున్నదో మాత్రమే. బండికి కట్టిన ఎద్దు, జట్కా గుర్రం, సంతకు తోలుకెళ్లే పశువు దానికి కనిపిస్తాయి. ఎవరికీ చెందకుండా గోడల మీద, పెంకుల మీద తిరిగే పిల్లి దాని దృష్టికి రావడం కష్టం.

స్వాతంత్ర్యం వచ్చి ఏడేళ్లే అయింది. తిండి గింజల కొరత, శరణార్థుల సమస్య, పంచవర్ష ప్రణాళికలతో తలమునకలుగా ఉన్న దేశంలో జంతువుల బాధ గురించి సభ సమయం అడగడమే సాహసం. పైగా అప్పట్లో జంతువు అనే మాట రాజకీయాల్లో వినిపిస్తే అది ఆవు గురించే. గోవధ నిషేధంపై వాదోపవాదాలు జోరుగా సాగుతున్న రోజులవి. రుక్మిణీదేవి ఆ గీత లోపల ఆగలేదు. ఆవైనా, కోతైనా, కుక్కైనా, పిల్లైనా నొప్పి నొప్పే అన్నది ఆమె పట్టుకున్న సూత్రం. ప్రయోగశాలల కోసం దేశం నుంచి కోతులను ఎగుమతి చేయడాన్ని కూడా ఆమె అంతే గట్టిగా వ్యతిరేకించారు.

ప్రధాని నెహ్రూ సభలోనే జోక్యం చేసుకున్నారు. బిల్లు ఉద్దేశాన్ని మెచ్చుకుంటూనే, ఈ విషయాన్ని పరిశీలించడానికి ప్రభుత్వమే కమిటీ వేస్తుందని, సమగ్రమైన చట్టం తెస్తుందని హామీ ఇచ్చారు. ఆ మాట మీద ఆమె బిల్లును వెనక్కి తీసుకున్నారు. ప్రైవేటు బిల్లులకు ఇలాంటి హామీలు దొరకడం, తర్వాత అవి దస్త్రాల్లో కలిసిపోవడం మన పార్లమెంటులో మామూలే. ఈసారి అలా జరగలేదు. 1956లో ఆమె మళ్లీ రాజ్యసభకు నామినేట్ అయ్యారు. కమిటీ సిఫార్సులు వచ్చాయి, ప్రభుత్వ బిల్లు వచ్చింది, 1960 డిసెంబరులో జంతు హింస నివారణ చట్టం పుట్టింది.

చట్టంలో పిల్లి ఎక్కడుంది?

చట్టం మొదటి పేజీలోనే కీలకమైన మార్పు ఉంది. మనిషి కాని ప్రతి ప్రాణీ జంతువే అని సెక్షన్ 2 నిర్వచించింది. పెంపుడుదా, వీధిదా, పాలిచ్చేదా, పనికిరానిదా అన్న తేడా అందులో లేదు. పిల్లి ఎదురొస్తే అపశకునమని వెనక్కి తిరిగే ఇళ్లున్న దేశమిది. పిల్లికి బిచ్చం పెట్టనివాడని పిసినారిని తిట్టే సామెత ఉన్న భాష మనది. బెంగాల్‌లో అదే పిల్లి షష్ఠీదేవికి వాహనం. ఈ నమ్మకాలన్నిటినీ పక్కన పెట్టి, పిల్లిని నొప్పి తెలిసిన ప్రాణిగా మాత్రమే చూసింది ఆ నిర్వచనం.

సెక్షన్ 3 ప్రకారం జంతువు బాధ్యత ఎవరి చేతిలో ఉందో, దాని క్షేమం కోసం తగిన చర్యలన్నీ తీసుకోవడం, అనవసరమైన నొప్పి కలగకుండా చూడటం వాళ్ల విధి. ఇంట్లో పిల్లిని పెంచుకునే వాళ్లు ఈ వాక్యాన్ని తమ ఇంటి భాషలోకి మార్చుకుంటే అర్థం తేలికే. తిండి, నీళ్లు, నీడ ఇవ్వాలి. జబ్బు చేస్తే డాక్టర్‌కు చూపించాలి. టీకాలు వేయించాలి. కూనలు వద్దనుకుంటే వాటిని పెట్టెలో పెట్టి వదిలేయడం కాదు, ముందే పిల్లికి ఆపరేషన్ చేయించాలి. పిల్లి గర్భం దాదాపు 9 వారాలే. ఏడాదిలో ఒకటి కంటే ఎక్కువసార్లు ఈనగలదు. సెల్లార్‌లోని అట్టపెట్టెలు చాలావరకు ఈ లెక్క తెలియనివాళ్లు పంపినవే.

సెక్షన్ 11 నేరాల జాబితా. కొట్టడం, హింసించడం, ఇరుకు బోనులో పెట్టడం, యజమాని తిండీ నీళ్లూ ఇవ్వకపోవడం, వదిలేయడం, క్రూరంగా చంపడం అన్నీ అందులో ఉన్నాయి. సెక్షన్ 9లో మరో సంగతి ఉంది. వయసుడిగిన, రక్షణ అవసరమైన జంతువులకు ఆశ్రయమిచ్చే శాలలకు, రెస్క్యూ హోమ్‌లకు ఆర్థిక సాయం చేసైనా వాటిని ప్రోత్సహించాలని, జంతువుల పట్ల దయ గురించి ప్రజలకు నేర్పాలని ఆ సెక్షన్ చెబుతుంది. ఈ రోజు ఎవరైనా అద్దె ఇంటి మేడ మీద పది పిల్లులకు షెల్టర్ నడుపుతుంటే, ఆ పనిని దేశపు చట్టం 1960లోనే గుర్తించిందన్నమాట.

అయితే ఆమె కోరుకున్నదంతా దక్కలేదు. ప్రయోగశాలల్లో జంతువులపై ప్రయోగాలను ఆమె వ్యతిరేకించేవారు. చట్టం వాటిని నిషేధించలేదు, పర్యవేక్షణకు ఒక కమిటీని ఏర్పాటు చేసే వీలు మాత్రమే కల్పించింది. మతాచారం ప్రకారం చేసే వధ నేరం కాదని సెక్షన్ 28 చెప్పింది. ఆహారం కోసం చంపడానికీ మినహాయింపు ఉంది. నిష్ఠగా శాకాహారం పాటించిన, అంతర్జాతీయ శాకాహార సంఘంలో ఏళ్ల తరబడి బాధ్యతలు చూసిన మనిషికి ఈ మినహాయింపులు రుచించి ఉండవు. అయినా చట్టాన్ని వదులుకోలేదు. అసలు ఏమీ లేకపోవడం కంటే, ఇప్పుడు దొరికినదాన్ని పట్టుకుని ముందుకు జరపడం మేలన్న లెక్కతోనే ఆమె తర్వాతి ఇరవై నాలుగేళ్లూ పనిచేశారు.

కుర్చీలో ఇరవై నాలుగేళ్లు

చట్టం ప్రకారం 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడింది. రుక్మిణీదేవి దాని తొలి అధ్యక్షురాలు. 1986లో కన్నుమూసే దాకా ఆ బాధ్యత ఆమెదే. మండలి కార్యాలయం మద్రాసులో ఉండేది. ఆమె పోయిన చాలా ఏళ్ల తర్వాత అది హరియాణాలోని బల్లభ్‌గఢ్‌కు మారింది. పొద్దున నాట్యం పాఠం, మధ్యాహ్నం మండలి దస్త్రాలు, సాయంత్రం నృత్యనాటక రిహార్సల్ అన్న తీరులో ఆమె రెండు సంస్థలనూ మోశారు.

మండలి సొంతంగా ఎవరినీ శిక్షించలేదు. కేంద్రానికి సలహా ఇవ్వగలదు, సంఘాలకు గ్రాంట్లు ఇవ్వగలదు, నియమాలు తయారుచేయించగలదు. పళ్లు లేని సంస్థ అని విమర్శించేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆమె అధ్యక్షురాలిగా ఉన్న కాలంలో చట్టం కింద వచ్చిన నియమాలు చదివితే, పళ్లు లేకపోయినా ఓపిక ఎంత ఉందో తెలుస్తుంది. 1973లో ప్రదర్శనల్లో వాడే జంతువుల నియమాలు వచ్చాయి. 1978లో జంతువుల రవాణా నియమాలు వచ్చాయి.

ఆ రవాణా నియమాల్లో కుక్కలకు, పిల్లులకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. ప్రయాణానికి పనికొస్తుందని పశువైద్యుడు సర్టిఫికెట్ ఇవ్వాలి. దూర ప్రయాణమైతే బయలుదేరడానికి కనీసం 2 గంటల ముందు తిండీ నీళ్లూ పెట్టాలి. ఆకలితోనో దాహంతోనో ఉన్నదాన్ని పెట్టెలో పెట్టకూడదు. వేసవిలో 4 గంటలకోసారి, చలికాలంలో 6 గంటలకోసారి నీళ్లివ్వాలి. పెద్దవాటికి 12 గంటలకోసారి తిండి చాలు. కుక్కపిల్లలకు, పిల్లికూనలకు మాత్రం 4 గంటలకోసారి పెట్టాలి.

ప్రభుత్వ గెజిట్ భాషలో ఇంత మెత్తని వివరం అరుదు. కూన కడుపు చిన్నదని, త్వరగా ఆకలేస్తుందని, దాని లెక్క వేరని ఎవరో గమనించి, దాన్ని నియమంగా రాయించారు. పెంపుడు పిల్లిని రైల్లో పక్క ఊరికి తీసుకెళ్లేవాళ్లు, కాపాడిన కూనను దత్తతకు మరో నగరానికి పంపేవాళ్లు ఈ నియమాల గురించి తెలుసుకోవడం మంచిది. కోతుల ఎగుమతిపై ప్రభుత్వం పూర్తి నిషేధం అమలు చేసింది కూడా 1978లోనే. ఆమె ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చినదే చివరికి మొరార్జీ దేశాయ్ ప్రభుత్వ నిర్ణయమైంది.

ఆ మొరార్జీయే అంతకు ముందు ఏడాది ఆమె ముందు మరో ప్రతిపాదన పెట్టారు. రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ 1977లో పదవిలో ఉండగానే చనిపోయారు. ఖాళీ అయిన ఆ స్థానానికి పోటీ చేయమని ఆయన రుక్మిణీదేవిని అడిగారు. అంగీకరించి ఉంటే ఆమె దేశానికి తొలి మహిళా రాష్ట్రపతి అయ్యేవారు. ఆమె వద్దన్నారు. తర్వాత మన నీలం సంజీవరెడ్డి ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. రాష్ట్రపతి భవన్‌ను కాదనుకున్న మనిషి జంతు సంక్షేమ మండలి కుర్చీని మాత్రం చివరిదాకా వదల్లేదు. ఆమె దేనికి ఎంత విలువ ఇచ్చారో తెలియడానికి ఈ ఒక్క సంగతి చాలు.

మద్రాసు నుంచి హైదరాబాద్ దాకా

ఆమె ఒంటరిగా ఏమీ సాధించలేదు. అదే మద్రాసులో 1959లో కెప్టెన్ సుందరం, ఆయన భార్య ఉష కుటుంబంతో కలిసి బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియాను మొదలుపెట్టారు. వీధి కుక్కలను చంపడం కాకుండా ఆపరేషన్లు చేయించి సంఖ్య తగ్గించాలన్న ఆలోచనను ఆ సంస్థ 1960ల్లోనే ఆచరణలో పెట్టింది. ఒకవైపు ఢిల్లీలో చట్టం, మరోవైపు వీధిలో అంబులెన్సు. రెండూ ఒకే నగరంలో, ఒకే కాలంలో పెరిగాయి. ఒకటి లేకుండా రెండోది నిలిచేది కాదు.

ఆ వారసత్వం తెలుగు నేలకు చేరిన దారి కూడా ఆసక్తికరం. హైదరాబాద్ బ్లూ క్రాస్‌ను 1992లో స్థాపించిన అమల అక్కినేని భరతనాట్యం నేర్చుకున్నది కళాక్షేత్రలోనే. నాట్యంతో పాటు ప్రాణుల పట్ల ప్రేమ కూడా ఆ ఆవరణలోని పాఠ్యాంశమే కాబట్టి దీన్ని యాదృచ్ఛికం అనలేం. జంట నగరాల్లో గాయపడిన కుక్కనో, బావిలో పడ్డ పిల్లినో చూసి ఫోన్ చేయడానికి ఒక నంబరు ఉండాలన్న ఆలోచన చాలామందికి అలవాటైంది ఆ తర్వాతే.

యాభై రూపాయల ప్రశ్న

రుక్మిణీదేవి 1986 ఫిబ్రవరి 24న మద్రాసులో కన్నుమూశారు. 1993లో పార్లమెంటు కళాక్షేత్రను జాతీయ ప్రాధాన్యం ఉన్న సంస్థగా ప్రకటించింది. ఆమె తొలి అధ్యక్షురాలిగా ఉన్న మండలి పిటిషన్‌దారుగా నిలిచిన జల్లికట్టు కేసులో 2014లో సుప్రీంకోర్టు, 1960 చట్టంలోని 3, 11 సెక్షన్లను జంతువుల హక్కులుగా చదివింది. తర్వాత తమిళనాడు చట్టాన్ని సవరించుకుంది, 2023లో రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణను సమర్థించింది. చట్టం ఇంకా బతికే ఉందని, దాని మీద పోరు ఇంకా ముగియలేదని చెప్పడానికి ఆ కేసే సాక్ష్యం.

అయితే చట్టంలో ఒక భాగం మాత్రం 1960 దగ్గరే ఆగిపోయింది. సెక్షన్ 11 కింద తొలి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మూడేళ్లలోపు మళ్లీ అదే నేరం చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా 3 నెలల దాకా జైలు, లేదా రెండూ. 1960లో యాభై రూపాయలంటే కూలి చేసుకునే కుటుంబానికి భారమే. ఇప్పుడు అది పిల్లి తిండి చిన్న ప్యాకెట్ ఖరీదుకు అటూ ఇటూగా ఉంది. జంతువును చంపినా, అవయవాలు దెబ్బతీసినా భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 325 కింద 5 ఏళ్ల దాకా శిక్ష పడవచ్చు. కానీ ఆకలితో చావడానికి వదిలేసినవాడి మీద ముందుగా మిగిలేది ఈ యాభై రూపాయల సెక్షనే. జరిమానాలు, శిక్షలు పెంచుతూ కేంద్రం 2022లో సవరణ ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. అది చట్టంగా మారలేదు.

ఇక్కడే రుక్మిణీదేవి జీవితం ఈ కాలపు రెస్క్యూ వాలంటీర్లకు ఉపయోగపడుతుంది. సమాజం నవ్వినప్పుడు ఆమె కోపగించుకుని కూర్చోలేదు. బిల్లును వెనక్కి తీసుకోమంటే తీసుకుని, ఇచ్చిన మాట నెరవేరే దాకా ఆరేళ్లు వెంటపడ్డారు. సగం దక్కిన చట్టాన్ని నియమాలతో మెల్లమెల్లగా నింపారు. దయ మనసులో ఉంటే సరిపోదని, అది కాగితం మీదకు, బడ్జెట్‌లోకి, బడి పాఠంలోకి రావాలని ఆమెకు తెలుసు. కేవలం కాగితం మీద ఉన్నా సరిపోదని కూడా తెలుసు కాబట్టే కళాక్షేత్ర పిల్లల మధ్య అంత కాలం గడిపారు.

పోలీస్ స్టేషన్‌లో ఆ రైటర్ ఎదురుగా నిలబడ్డ మనిషి దగ్గరికి మళ్లీ వద్దాం. సెక్షన్ నంబరు చెప్పగలిగితే రైటర్ నవ్వు ఆగుతుంది. ఫిర్యాదు కాగితం రాసుకుంటాడు. యాభై రూపాయల నేరమే కావచ్చు, అయినా అది నేరమని స్టేషన్ రికార్డులోకి ఎక్కుతుంది. పెట్టె వదిలి వెళ్లిన ఇంటికి ఒక కానిస్టేబుల్ వెళ్లి మాట్లాడితే, వచ్చేసారి ఆ ఇంటివాళ్లు పిల్లిని ఆపరేషన్‌కు తీసుకెళ్లే అవకాశం ఉంది.

ఈలోగా అపార్ట్‌మెంట్‌లో గడియారం మోగుతుంది. బతికిన కూనలకు మళ్లీ పాలు పట్టే వేళైంది.